గాలిమర గణితం

2004 డిసెంబరు 26, ఆదివారం, మార్గశిర పౌర్ణమి. పొద్దున్నే సముద్రస్నానం చేసి వెళ్దామని మంగినపూడి వంటి తీరాలలో నీళ్ళలోకి దిగినవారిలో కొందరు మళ్ళీ ఒడ్డుకు రాలేదు. ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రగర్భం కంపించింది. రెండు, రెండున్నర గంటలలో ఆ నీరు మన గుమ్మంలో ఉంది. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయారు. అన్ని దేశాలలో కలిపి రెండు లక్షల ఇరవై వేలకు పైమాటే.

మరునాటి పత్రికలు 'రాకాసి అలలు' అన్నాయి, 'సునామీ' అన్నాయి. కొందరు 'ఉప్పెన' అన్నారు కానీ అది నప్పలేదు. ఉప్పెన మనకు తెలిసిన శత్రువు. తుఫానుతో వస్తుంది, ఆకాశం నల్లబడి, గాలి ఊళపెట్టి, తాను వస్తున్నట్టు చెప్పి మరీ వస్తుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచింది అదే. ఇది అలా కాదు. నిర్మలమైన ఆకాశం కింద, గాలి లేని ఉదయాన వచ్చింది. దీనికి మన నిఘంటువులలో పేరు లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ తరువాత కొంతకాలానికి నేనొక అంకె చదివాను. భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు జేసన్-1 అనే ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ సముద్రతలం ఎత్తును కొలిచిందట. నడిసముద్రంలో ఆ అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు! మోకాలికి కాస్త పైన. అది కూడా వందల కిలోమీటర్ల పొడవున పరచుకుని, నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగే అరవై సెంటీమీటర్లు. దాని మీద పడవలో కూర్చున్నవాడికి తాను పైకి లేచిన సంగతే తెలియదు. ఈ మోకాటి లోతు నీరు తీరానికి వచ్చేసరికి ఇళ్ళను ఎలా పెళ్ళగించింది?

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మనమంతా వల్లెవేసిన వాక్యం ఒకటుంది. తరంగశక్తి, కంపన పరిమితి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండు మార్కుల ప్రశ్న. నేను రాశాను, రెండు మార్కులూ వచ్చాయి, అర్థం మాత్రం కాలేదు. ఆ వాక్యంలో ఈ ప్రశ్నకు జవాబు దాగి ఉందని, ఆ జవాబు దొరికిన తీరు వెనుక ఒక మనిషి కథ ఉందని చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు.

ముందు ఆ 'వర్గం' సంగతి చూద్దాం. మట్టిపని చూసినవారికి ఇది సులభంగా పట్టుబడుతుంది. పొలంలో ఒక గుంట తవ్వి, ఆ మట్టితోనే పక్కన గట్టు వేస్తున్నారనుకోండి. వెడల్పు మార్చకుండా గుంట లోతు రెట్టింపు, గట్టు ఎత్తు రెట్టింపు చేయమంటే కూలి రెట్టింపు ఇస్తే సరిపోతుందా? ఏ మేస్త్రీ ఒప్పుకోడు. మొయ్యాల్సిన తట్టలు రెట్టింపు. ఒక్కొక్క తట్టనూ ఎత్తాల్సిన ఎత్తు కూడా రెట్టింపు. పని నాలుగింతలు. అల కూడా అంతే. పల్లంలోని నీటిని తీసి మిట్టగా పేర్చడమే అల. ఎత్తు మూడింతలైతే ఎత్తిన నీరు మూడింతలు, ఎత్తిన దూరం మూడింతలు, పని తొమ్మిదింతలు. అలలోని నీటికి కదలిక కూడా ఉంటుంది కదా, ఆ వేగమూ అల ఎత్తును బట్టే పెరుగుతుంది. గతిజశక్తిలో వేగం వర్గంగా వస్తుంది కనుక అక్కడా అదే లెక్క.

గతిజశక్తిలో వేగం వర్గంగా ఎందుకు రావాలన్నది వేరే తగవు. పదిహేడో శతాబ్దం చివర లైబ్నిజ్ మొదలుపెట్టిన ఆ తగవు అర్ధ శతాబ్దం నడిచింది. చలనాన్ని కొలవవలసింది వేగంతోనా, వేగం వర్గంతోనా అని యూరపు పండితులు రెండు శిబిరాలై వాదించుకున్నారు. హాలండులో గ్రావెసాండ అనే ఆచార్యుడు ఇత్తడి గుండ్లను మెత్తని బంకమట్టి మీద జారవిడిచి చూశాడు. వేగం రెట్టింపైతే గుంట రెట్టింపు కాలేదు, నాలుగింతలైంది. ఫ్రాన్సులో ఎమిలీ దు షాట్లే 1740 నాటి తన గ్రంథంలో ఈ పక్షాన నిలబడి వాదించింది. (న్యూటన్ మహాగ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చినది కూడా ఈమే. ఆమె గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఆగితే ఇక కదలలేను.) థామస్ యంగ్ 1807లో ఈ రాశికి 'ఎనర్జీ' అన్న పేరును వాడాడు. అయితే ఆ శక్తి రూపాలు మారుతుందే తప్ప నశించదన్న నియమం, అంటే దాన్ని లెక్కల పుస్తకంలో జమాఖర్చులా వాడుకోవచ్చునన్న ధైర్యం, 1840లలో మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్‌ల తరువాతగానీ రాలేదు. ఈ తేదీ గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మన కథానాయకుడు 1841లోనే చనిపోయాడు.

అతని పేరు జార్జ్ గ్రీన్. 1793లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒక రొట్టెల వ్యాపారికి పుట్టాడు. ఎనిమిదో ఏట బడిలో వేశారు. ఏడాది తిరిగాక మాన్పించి బట్టీ దగ్గర పనికి పెట్టారు. చదువు అంతటితో సరి. 1807లో తండ్రి ఊరి పక్కనున్న స్నీంటన్‌లో గాలిమర కట్టించాడు. ఇటుకలతో కట్టిన ఎత్తైన బురుజు, దానికి గాలికి తిరిగే రెక్కలు, లోపల గోధుమలు విసిరే తిరుగలి రాళ్ళు. గాలిమరకు వేళాపాళా ఉండదు. గాలి ఎప్పుడు వీస్తే అప్పుడే పని. అర్ధరాత్రి వీస్తే అర్ధరాత్రి. గ్రీన్ ఆ మర పై అంతస్తులో కూర్చుని లెక్కలు చేసుకునేవాడని చెబుతారు.

1823లో ఊళ్ళోని చందాదారుల గ్రంథాలయంలో చేరాడు. అయిదేళ్ళ తరువాత, 1828లో, విద్యుత్తుకు, అయస్కాంతత్వానికి గణితాన్ని అన్వయిస్తూ ఒక పుస్తకం సొంతంగా అచ్చువేయించాడు. వెల ఏడున్నర షిల్లింగులు. చందాదారులు 51 మంది. అందులో ఎక్కువమంది తోటి గ్రంథాలయ సభ్యులు. పుస్తకంలో ఏముందో వారిలో ఎందరికి తెలిసి ఉంటుంది! పక్కింటి కుర్రాడు పుస్తకం వేశాడని మొహమాటానికి కొన్నవారు మనకూ తెలుసు. ఈనాడు గ్రీన్ సిద్ధాంతం అని, గ్రీన్ ప్రమేయం అని భౌతికశాస్త్రం చదివే ప్రతివాడూ వాడుకునేవి ఆ పుస్తకంలోంచి వచ్చినవే. ఆనాడు మాత్రం ఆ పుస్తకాన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

ఒక్కడు తప్ప. చందాదారులలో ఎడ్వర్డ్ బ్రామ్‌హెడ్ అనే జమీందారు ఉన్నాడు, స్వయంగా గణితం తెలిసినవాడు. ఆయన గ్రీన్‌కు ఉత్తరం రాశాడు, ఇకమీద ఏమి రాసినా తగినచోట ప్రచురింపజేస్తానని. గ్రీన్ జవాబివ్వలేదు. అంత పెద్దమనిషి మర్యాదకు అన్న మాట అది, నిజమని పట్టుకుని వెళ్ళకూడదని ఎవరో సలహా చెప్పారట. దాదాపు రెండేళ్ళు ఊరుకున్నాడు. పిండి వ్యాపారి కొడుకుకు తన స్థాయి ఏమిటో చెప్పేవారికి ఏ దేశంలోనూ కొదవ ఉండదు. చివరికి ధైర్యం చేసి రాశాడు. బ్రామ్‌హెడ్ మాట నిలబెట్టుకున్నాడు. తండ్రి పోయాక గ్రీన్ గాలిమరను కౌలుకిచ్చి, 1833లో, నలభయ్యో ఏట, కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. 1837లో గణిత పరీక్షలో నాలుగో స్థానంలో ఉత్తీర్ణుడయ్యాడు. పక్కన కూర్చుని రాసినవారంతా ఇరవై దాటిన కుర్రవాళ్ళు.

ఇంకొక సంగతి. మర నిర్వాహకుని కూతురు జేన్ స్మిత్‌తో గ్రీన్‌కు ఏడుగురు పిల్లలు. ఆమెను పెళ్ళి మాత్రం చేసుకోలేదు. తండ్రికి ఇష్టం లేదని కొందరంటారు. తరువాతి రోజులలో కళాశాల సభ్యత్వానికి అవివాహితుడై ఉండాలన్న నిబంధన ఒకటి ఉంది. 1839లో ఆ సభ్యత్వం అతనికి దక్కింది. కాగితం మీద అతను అవివాహితుడే. జీవితచరిత్రలు ఈ భాగాన్ని రెండు వాక్యాలలో దాటేస్తాయి. జేన్ ఏమనుకుందో రాసినవారు లేరు. ఆ ఏడుగురినీ ఆమె ఎలా పెంచిందన్నది, నా దృష్టిలో, ఆ గణితం కంటే తక్కువ ప్రశ్న కాదు.

పరీక్ష అయిన ఆ 1837లోనే గ్రీన్ కేంబ్రిడ్జి తాత్విక సంఘానికి ఒక చిన్న వ్యాసం సమర్పించాడు. లోతూ వెడల్పూ క్రమంగా మారుతూ పోయే కాలువలో అల ఎలా ప్రయాణిస్తుందన్నది దాని విషయం. ఇది గాలిలోంచి ఊడిపడిన ప్రశ్న కాదు. ఇంగ్లండు, స్కాట్లండులలో అప్పుడు సరకు రవాణా అంతా కాలువల మీదే. 1834 ఆగస్టులో జాన్ స్కాట్ రసెల్ అనే ఇంజనీరు ఎడింబరో దగ్గర యూనియన్ కాలువలో, ఆగిన పడవ ముందు నుంచి పుట్టిన ఒంటరి అలను గుర్రం మీద మైలు, రెండు మైళ్ళు వెంబడించాడు. కాలువలో అలల గురించిన చర్చ ఆ రోజులలో వేడిగా సాగుతోంది. 1839లో రాసిన మరో చిన్న వ్యాసంలో గ్రీన్ రసెల్ ప్రయోగాలను తన లెక్కలతో పోల్చి చూసుకున్నాడు కూడా.

1837 వ్యాసం సారాంశం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. అల పొడవుతో పోలిస్తే కాలువ అడుగు మెల్లగా మారుతున్నంతసేపూ, అల ఎత్తు కాలువ వెడల్పు వర్గమూలానికీ, లోతు నాలుగో మూలానికీ విలోమంగా మారుతుంది. వెడల్పు నాలుగో వంతైతే ఎత్తు రెట్టింపు. లోతు పదహారో వంతైతే ఎత్తు రెట్టింపు.

నాలుగో మూలం! ప్రకృతిలో ఇలాంటి మూలం ఎదురైతే ఎవరైనా ఎందుకని అడుగుతారు. గ్రీన్ ఆ 'ఎందుకు'ను శక్తి లెక్కతో రాబట్టలేదు. చలన సమీకరణాన్ని తీసుకుని, మెల్లగా మారే అంశాలలో అతి చిన్నవాటిని వదిలేస్తూ, కేవలం గణితంతో నడిచి ఆ ఫలితానికి చేరాడు. శక్తి నిత్యత్వ నియమం ఇంకా పుట్టని రోజులవి. సూత్రం ముందు వచ్చింది. దాని అర్థం తరువాతి తరానికి వచ్చింది. లార్డ్ రేలీ కాలానికి ఆ పద్ధతి అంతా అక్కరలేకుండా, శక్తి జమాఖర్చుతో నాలుగు పంక్తులలో అదే ఫలితం రాబట్టారు.

ఆ నాలుగు పంక్తులు మన బంగాళాఖాతానికే వేసి చూద్దాం. ఇటువంటి పొడవాటి అల వేగం నీటి లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 2,500 మీటర్ల లోతులో అది గంటకు సుమారు 560 కిలోమీటర్లు. విమానం వేగంతో పోల్చదగినది. తీరం దగ్గర లోతు 4 మీటర్లనుకుంటే గంటకు సుమారు 22 కిలోమీటర్లు. సైకిలును గట్టిగా తొక్కితే అందుకోవచ్చు. అంటే వేగం ఇరవై అయిదో వంతుకు పడిపోయింది. రైలు గేటు పడినప్పుడు ముందు బండి నెమ్మదిస్తుంది, వెనుక బండ్లు ఇంకా వస్తూనే ఉంటాయి, అన్నీ ఒకదాని మీదొకటి పడ్డట్టు దగ్గరవుతాయి. అల కూడా అలాగే ముందు భాగం నెమ్మదించి, వెనుక భాగం వచ్చి పడి, కుదించుకుపోతుంది. రెండు వందల కిలోమీటర్ల పొడవు ఎనిమిది కిలోమీటర్లవుతుంది. కానీ అందులోని శక్తి ఎక్కడికీ పోలేదు. అదే శక్తి ఇరవై అయిదో వంతు చోటులో ఇరుక్కుంది, కనుక ప్రతి చదరపు మీటరు మీదా ఇరవై అయిదింతల శక్తి.

ఇప్పుడు రెండు మార్కుల ప్రశ్నను గుర్తుచేసుకోండి. శక్తి, ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది. శక్తి ఇరవై అయిదింతలైతే ఎత్తు అయిదింతలు. అరవై సెంటీమీటర్లు మూడు మీటర్లవుతుంది. లోతు వర్గమూలం వేగం వల్ల వచ్చింది, దానికి మరో వర్గమూలం శక్తి వల్ల వచ్చింది. రెండు మూలాలు కలిసి నాలుగో మూలం. గ్రీన్ సమీకరణాలలోంచి బయటపడ్డ వింత అంకెకు ఇంతకంటే రహస్యం లేదు.

ఒక్క క్షణం తిరగేసి ఆలోచించాను. శక్తి ఎత్తుతో నేరుగా పెరిగే లోకం ఒకటి ఉండి ఉంటే, అదే అరవై సెంటీమీటర్ల అల అదే తీరానికి పదిహేను మీటర్ల గోడగా వచ్చేది. ఆ వర్గం మనలను కొంత కాపాడింది. కానీ అదే వర్గం ఎదురుగా వచ్చేవాడిని మోసం కూడా చేస్తుంది. ఒక మీటరు అలనూ మూడు మీటర్ల అలనూ చూసినవాడు రెండోది మూడింతలు పెద్దదనుకుంటాడు. దాని శక్తి తొమ్మిదింతలు.

ఈ లెక్కకు హద్దులున్నాయి, అవి చెప్పకపోవడం తప్పు. నాలుగు మీటర్ల లోతులో మూడు మీటర్ల అల అంటే అది ఇక 'చిన్న' అల కాదు. గ్రీన్ వదిలేసిన చిన్న అంశాలు అక్కడ చిన్నవి కావు. అల విరిగితే ఈ సూత్రం పనికిరాదు. అడుగు ఒక్కసారిగా గోడలా లేస్తే అల కొంత వెనక్కు తిరుగుతుంది. ఒడ్డు దాటి ఊళ్ళోకి నీరెంత ఎక్కుతుందన్నది పూర్తిగా మరో లెక్క. కానీ నడిసముద్రం నుంచి తీరపు గుమ్మం దాకా ఈ పిండి వ్యాపారి కొడుకు మాట చాలావరకు నిలుస్తుంది.

అతను మాత్రం నిలవలేదు. కేంబ్రిడ్జిలో సభ్యత్వం వచ్చిన కొద్ది నెలలకే ఆరోగ్యం చెడి నాటింగ్‌హామ్‌కు తిరిగివచ్చాడు. 1841 మే 31న మరణించాడు. చిత్రపటం ఒక్కటి కూడా లేదు. ముఖం ఎలా ఉండేదో మనకు తెలియదు.

నాలుగేళ్ళ తరువాత, 1845 జనవరిలో, విలియం థామ్సన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు (తరువాత లార్డ్ కెల్విన్) ఎక్కడో పాదసూచికలో గ్రీన్ పుస్తకం పేరు చూసి కేంబ్రిడ్జి పుస్తకాల దుకాణాలన్నీ గాలించాడు. ఎక్కడా లేదు. చివరికి పారిస్ ప్రయాణానికి ముందురోజు తనకు చదువు చెప్పిన హాప్కిన్స్ దగ్గర ఆ మాట ఎత్తితే, ఆయన బీరువాలోంచి తీసి ఇచ్చాడు. థామ్సన్ దాన్ని దారిలో చదివి, పారిస్‌లో లియోవిల్‌కు, స్టర్మ్‌కు చూపించాడు. తరువాత జర్మనీలో క్రెలె పత్రికలో మూడు భాగాలుగా పునర్ముద్రణ చేయించాడు. ఇందులో ఒక చమత్కారం ఉంది. 1837లో, గ్రీన్ కాలువ వ్యాసం రాసిన ఏడాదే, మెల్లగా మారే సమీకరణాలకు అదే ఉపాయాన్ని తనంతట తాను కనిపెట్టినవాడు ఈ లియోవిల్. ఈనాటికీ ఆ పద్ధతిని లియోవిల్–గ్రీన్ పద్ధతి అంటారు. 1926లో క్వాంటం యాంత్రికశాస్త్రం వారు మళ్ళీ కనిపెట్టి తమ పేర్లు పెట్టుకున్నది కూడా దీన్నే.

సునామీ అన్న జపాను మాటకు రేవు అల అని అర్థం. నడిసముద్రంలో ఏమీ లేదు, రేవులోనే ఉంది అనే అనుభవం ఆ పేరులోనే ఇమిడి ఉంది. 1896 జూన్ 15 రాత్రి సన్రికు తీరంలో జరిగింది అదే. చేపల వేటకు వెళ్ళినవారికి సముద్రం మీద ఏ తేడా తెలియలేదు. పొద్దున తిరిగివచ్చేసరికి రేవు నిండా కొయ్యముక్కలు, శవాలు. దాదాపు 22,000 మంది పోయారు. రియోరి అనే చోట నీరు 38 మీటర్ల ఎత్తుదాకా ఎక్కింది. ఆ తీరమంతా గరాటాల్లా లోపలికి సన్నబడే అఖాతాలు. లోతు తగ్గడమే కాదు, వెడల్పూ తగ్గిపోతుంది. గ్రీన్ వాక్యంలోని మొదటి సగం, ఆ వెడల్పు వర్గమూలం, అక్కడ పనిచేసింది.

2004 తరువాత మన దేశమూ మేలుకుంది. 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాదులో వెలిసింది. సముద్రం లేని ఊళ్ళో సముద్రపు కాపలా ఏమిటని నవ్వినవారున్నారు. నాటింగ్‌హామ్‌కూ సముద్రం లేదు. కాపలాకు కావలసింది సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలిచే సాధనాలు, అవి పంపే అంకెలు, ఆ అంకెలను అర్థం చేసుకునే గణితం.

జపాను వాతావరణ సంస్థ హెచ్చరికలలో గ్రీన్ సూత్రం నేరుగా ఉంది. తీరానికి కొంత దూరంలో అల ఎత్తును కంప్యూటరు ద్వారా ముందే లెక్కగట్టి ఉంచుకుంటారు. అక్కడి నుంచి ఒక మీటరు లోతుకు వచ్చేసరికి ఎంతవుతుందో నాలుగో మూలంతో అంచనా వేస్తారు. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కు భూమి కంపించగానే మూడు నిమిషాలలో హెచ్చరిక వెలువడింది. మియాగి తీరానికి ఆరు మీటర్లు, ఇవాతె తీరానికి మూడు మీటర్లు అన్నారు. సూత్రంలో తప్పు లేదు. అందులో వేసిన అంకె తప్పు: మొదటి అంచనాలో భూకంప తీవ్రత 7.9, అసలుది 9.0. సన్రికు తీరంలో, కమైషి ఎదుట, 204 మీటర్ల లోతు దగ్గర తేలే ఒక బోయా 3:12కు సముద్రం 6.7 మీటర్లు లేచినట్టు చూపింది. లోతు అక్కడి నుంచి పదహారో వంతుకు, అంటే పన్నెండు పదమూడు మీటర్లకు తగ్గేసరికి ఎత్తు రెట్టింపు కావాలి. 3:14కు మియాగి అంచనాను పది మీటర్లకు పైకి, ఇవాతె అంచనాను ఆరు మీటర్లకు పెంచారు. అప్పటికి చాలా ఊళ్ళలో కరెంటు పోయింది. మూడు మీటర్లన్న మొదటి మాట విని, గోడ అంతకంటే ఎత్తుగా ఉందని ఇంట్లోనే ఉండిపోయినవారికి రెండో మాట చేరలేదు.